స్పానిష్‌లో నక్షత్రానికి స్పెల్లింగ్ ఏది? ‘ఎస్త్రెయా’ ఎక్కడ, ‘ఆస్త్రో’ ఎక్కడ?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. డెలే ఏ2 అనే స్పానిష్ భాషా పరీక్షకు చదువుతున్నారు. నక్షత్రం అనే స్పానిష్ మాట మీకు ఒకచోట రెండు ఎల్‌లతో, ఇంకోచోట ఒక్క ఎల్‌తో, ఎవరో పంపిన వాట్సాప్ నోట్సులో వై అక్షరంతో కనపడింది. యాప్‌లో ‘ఎస్ట్రెయా’ అని, అర్జెంటీనా సీరియల్లో ‘ఎస్ట్రెషా’ అని వినపడింది. ఇది చాలదన్నట్టు ‘ఆస్త్రో’ అనే మాట కూడా తగిలింది. సూర్యుణ్ణి, శుక్రుణ్ణి దేంతో చెప్పాలి, మన పెళ్లిలో అరుంధతిని చూపించే ఆచారం మీద వ్యాసం రాయాలంటే ఏ మాట వాడాలి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. స్పెల్లింగ్ ఒక్కటే: ఇ, ఎస్, టి, ఆర్, ఇ, ఎల్, ఎల్, ఎ. మొత్తం ఎనిమిది అక్షరాలు, ఎక్కడా యాక్సెంట్ గీత లేదు. స్త్రీలింగం: ‘లా ఎస్త్రెయా’, బహువచనం ‘లాస్ ఎస్త్రెయాస్’. అర్థం నక్షత్రం, చుక్క, సినిమా తార. ‘ఆస్త్రో’ పుంలింగం: ‘ఎల్ ఆస్త్రో’. సూర్యుడు, చంద్రుడు, గ్రహాలు, నక్షత్రాలు, ఇలా ఆకాశంలో ఉన్న ఏ గోళాన్నైనా అలా అనొచ్చు. మీ వ్యాసానికి కావలసింది ఎస్త్రెయా. పరీక్ష వరకైతే ఇంతే. అయితే ఇన్ని రకాల స్పెల్లింగులు ఎందుకు కనపడ్డాయో తెలిస్తే ఇక జీవితంలో తప్పు రాయరు, అందుకని కాస్త వివరంగా చెప్తాను.

నేను చాలాకాలంగా హైదరాబాద్‌లో తెలుగువాళ్లకు స్పానిష్ చెప్తున్నాను. ఈ మాట దగ్గర మనవాళ్లు చేసే తప్పులు మూడే మూడు: మొదటి ఇ వదిలేయడం, రెండు ఎల్‌ల బదులు వై రాయడం, ఆర్‌ని మింగేయడం. ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంది.

మొదటి ఇ సంగతి తేలిక. ‘స్’ పక్కనే ఇంకో హల్లు ఉంటే, దాంతో మాట మొదలుపెట్టడం స్పానిష్‌వాళ్ల నోటికి పడదు. ముందు ఒక ‘ఎ’ చేర్చుకుంటారు. స్కూల్ అయితే ‘ఎస్కువేలా’, స్టేషన్ అయితే ‘ఎస్తసియోన్’, స్టాక్‌హోమ్ కూడా ‘ఎస్తొకోల్మో’. మన ఊళ్లలో పెద్దవాళ్లు ‘ఇస్కూలు’ అనడం వినే ఉంటారు. అదే పని. తేడా ఏమిటంటే మన దగ్గర అది పలుకులోనే ఆగిపోయింది, వాళ్ల దగ్గర రాతలోకి ఎక్కింది. కాబట్టి లాటిన్‌లో ‘స్తెల్లా’గా ఉన్నది స్పానిష్‌లో ఎస్‌తో మొదలవదు. ఇటాలియన్ వాళ్లు మాత్రం ‘స్తెల్లా’నే ఉంచుకున్నారు. ఇంగ్లీషు స్టార్ అలవాటులో ఎస్‌తో మొదలుపెట్టి రాసేవాళ్లు ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే వందల మాటలు సరిగ్గా రాస్తారు.

ఇక రెండు ఎల్‌లు. మీరు విన్న పలుకులన్నీ సరైనవే. మాట్లాడే ఊరును బట్టి మారతాయి, అంతే. స్పెయిన్‌లో ఎక్కువ చోట్ల, మెక్సికోలో, కొలంబియాలో చాలామంది నోట అది ‘య’. బ్యూనస్ ఎయిరిస్ చుట్టుపక్కల ‘ష’. బొలీవియా, పరాగ్వే, పెరూ కొండ ప్రాంతాల్లో కొందరు ఇప్పటికీ ‘ల్య’ లాంటి పాత పలుకు నిలుపుకున్నారు, ఉత్తర స్పెయిన్ పల్లెల్లో పెద్దవాళ్ల నోట కూడా వినపడుతుంది. ఎలా పలికినా రాసేటప్పుడు అందరూ రెండు ఎల్‌లే రాస్తారు. మరి వై ఎక్కడి నుంచి వచ్చింది? పలుకు ‘య’ కాబట్టి చెవికి విన్నది విన్నట్టు రాస్తే వై వస్తుంది. ఈ తప్పు మనకే పరిమితం కాదు, స్పానిష్ మాతృభాషగా ఉన్నవాళ్లూ మెసేజ్‌లలో ఇలా రాసేస్తారు. ‘నోరు మూసుకున్నాడు’, ‘పడిపోయాడు’ అనే రెండు మాటల్నీ వాళ్లు ఒకేలా ‘సె కయో’ అని పలుకుతారు. ఒకదాంట్లో రెండు ఎల్‌లు, ఇంకోదాంట్లో వై. బడిపిల్లలకు అక్కడి టీచర్లు ఈ జంటలనే డిక్టేషన్ ఇస్తారు.

పలుకు గురించి ఒక్క మాట. మీరు ‘ఎస్ట్రెయా’ అని టకారంతో రాశారు. ఇంగ్లీషు ద్వారా నేర్చుకునేవాళ్లకు అలాగే వస్తుంది. స్పానిష్ టి అంటే మన ‘త’, ‘ట’ కాదు. నాలుక పళ్ల వెనక తగలాలి. ‘ఎస్-త్రె-యా’ అని మూడు ముక్కలు, ఊనిక మధ్య ముక్క మీద. ర అచ్చంగా మన ర లాగే నాలుక ఒక్కసారి కొట్టి వదిలేది. ఈ ‘స్త్ర’ అనే ఒత్తు మనకు ‘శాస్త్రం’, ‘వస్త్రం’ లాంటి మాటల్లో రోజూ పలికేదే కాబట్టి అమెరికన్ల కన్నా మనకే ఇది సులువు. ఆండలూసియాలోనో క్యూబాలోనో ఉన్నవాళ్లతో మాట్లాడితే స కూడా సరిగ్గా వినపడదు, ‘ఎహ్‌త్రెయా’ అన్నట్టు ఉంటుంది. కంగారు పడకండి, అదే మాట.

రెండు ఎల్‌ల జంట గురించి ఇంకో చిన్న సంగతి. అబిడ్స్‌లో ఆదివారం పూట పేవ్‌మెంట్ మీద పాత స్పానిష్ డిక్షనరీ దొరికి కొనుక్కుంటే, అందులో ఎల్ అక్షరం మాటలన్నీ అయిపోయాక ఈ జంట విడిగా ఇంకో అక్షరంలా మొదలవుతుంది. ‘యువియా’ అంటే వర్షం, అది ఎల్ కింద వెతికితే దొరకదు. 1994లో స్పానిష్ భాషా అకాడమీలన్నీ కలిసి ఆ పద్ధతి మార్చాయి. 2010 నాటి వర్ణక్రమ నియమాల్లో దాన్ని అక్షరమాల నుంచే తీసేసి 27 అక్షరాలు ఉంచారు. కానీ పంక్తి చివర మాట విరగ్గొట్టాల్సి వస్తే ఆ రెండు ఎల్‌లను ఇప్పటికీ విడదీయకూడదు, రెండూ కలిసి కింది పంక్తికి వెళ్లాలి.

ఇప్పుడు అసలు చిక్కు: ఆర్. ఒక్క ఎల్‌తో చూశానన్నారు కదా, అందులో ఆర్ కూడా ఉందా లేదా గమనించారా? ఆర్ ఉండి ఒక్క ఎల్ ఉంటే అది పోర్చుగీసు. ఇంటర్నెట్‌లో బ్రెజిల్ పేజీలు స్పానిష్ అనుకుని చదవడం అందరికీ జరిగేదే. ఆర్ లేకుండా ఒక్క ఎల్‌తో ఉంటే అది ‘ఎస్తేలా’, స్పానిష్ మాటే గానీ అర్థం వేరు. ఓడ వెళ్లాక నీళ్ల మీద, విమానం వెళ్లాక ఆకాశంలో మిగిలే చార అది. శాసనాలు చెక్కిన నిలువు రాయిని కూడా ఎస్తేలా అంటారు. ఆడవాళ్ల పేరుగానూ ఉంది.

నేను క్లాసులో చెప్పే సూత్రం ఇది: ఎస్, టి పక్కనే ఆర్ ఉంటే రెండు ఎల్‌లు, అక్కడ ఆర్ లేకపోతే ఒకటే ఎల్. నక్షత్రం ఎస్త్రెయా, చుక్కలు పరుచుకున్న ఆకాశం ‘సియేలో ఎస్త్రెయాదో’, స్టార్‌డమ్ ‘ఎస్త్రెయాతో’. వీటన్నిట్లో ఆర్, రెండు ఎల్‌లు. నక్షత్రాలకు సంబంధించినది అనే విశేషణం ‘ఎస్తెలార్’, నక్షత్రాల మధ్యది ‘ఇంతెరెస్తెలార్’, నక్షత్ర మండలం ‘కొన్‌స్తెలసియోన్’. వీటిలో ఎస్, టి పక్కన ఆర్ కనపడదు, ఎల్ ఒక్కటే. ఈ రెండు గుంపుల మధ్య ఎక్కడా కలగలుపు రాదు.

ఎందుకిలా అంటే, తెలుగు వ్యాకరణం చదివినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. మన దగ్గర సూర్యుడు తత్సమం, సూరీడు తద్భవం. పుస్తకాల్లో సూర్యమండలం, సూర్యగ్రహణం అంటాం, పల్లెలో పొద్దున్నే సూరీడు వచ్చాడంటాం. ఎస్త్రెయా కూడా సూరీడు లాంటిదే, జనం నోళ్లలో నాని వచ్చిన మాట. లాటిన్ ‘స్తెల్లా’లో ఆర్ లేదు. దానికి ఆర్ అంటుకోవడం ‘ఆస్త్రో’ ప్రభావమేనని చాలామంది భాషావేత్తల అభిప్రాయం, రెండూ ఒకే ఆకాశం గురించినవి కాబట్టి నాలుక మీద కలిసిపోయాయి. ఎస్తెలార్, కొన్‌స్తెలసియోన్ మాత్రం పండితులు తర్వాతి కాలంలో లాటిన్ నుంచి నేరుగా తెచ్చుకున్నవి, జనం నోట పడి అరగలేదు, ఆర్ అంటుకోలేదు. అన్నట్టు మన ‘తార’ సంస్కృతం నుంచి వచ్చింది కదా, ఆ తారకీ లాటిన్ స్తెల్లాకీ ఇంగ్లీషు స్టార్‌కీ మూలం ఒక్కటే అంటారు. దూరపు చుట్టాలే.

యాక్సెంట్ గీత విషయం కూడా ఇక్కడే చెప్పేస్తా. ఎస్త్రెయా అచ్చుతో ముగుస్తుంది, ఊనిక చివరి నుంచి రెండో ముక్క మీద, కాబట్టి గీత అక్కర్లేదు. కొన్‌స్తెలసియోన్‌లో చివరి ఓ మీద గీత పెట్టాలి, బహువచనం ‘కొన్‌స్తెలసియోనెస్’ అయితే ఆ గీత పోతుంది. ఈ పోయే గీత దగ్గరే ఏ2 వాళ్లు మార్కులు పోగొట్టుకుంటారు.

ఇప్పుడు అర్థం దగ్గరికి వద్దాం. సైన్సు పుస్తకంలో ఎస్త్రెయా అంటే తనంతట తాను వెలిగేది, అంటే సూర్యుడు కూడా ఎస్త్రెయానే. ‘ఎల్ సోల్ ఎస్ ఊనా ఎస్త్రెయా’ అని రాస్తే నూటికి నూరు పాళ్లు సరైన వాక్యం. శుక్రుణ్ణి మాత్రం అలా అనకూడదు, అది ‘ప్లనేతా’. కానీ మామూలు మాటల్లో స్పానిష్‌వాళ్లూ మనలాగే మెరిసే చుక్కనల్లా ఎస్త్రెయా అనేస్తారు. రాలే చుక్క నక్షత్రం కాదని తెలిసినా ‘ఎస్త్రెయా ఫుగాస్’ అంటారు. సముద్రంలో ఐదు కాళ్ల జీవిని ‘ఎస్త్రెయా దె మార్’ అంటారు. తెల్లవారుజామున కనపడే శుక్రుడికి మనకు వేగుచుక్క అనే చక్కటి మాట ఉన్నట్టే వాళ్లకు ‘లుసేరో’ ఉంది, పూర్తిగా చెప్పాలంటే ‘లుసేరో దెల్ ఆల్బా’. వేగుచుక్కని అనువదించాల్సి వస్తే ఎస్త్రెయా అని రాయకండి, లుసేరో అని రాయండి. చదివిన స్పానిష్‌వాళ్లు మెచ్చుకుంటారు.

ఆస్త్రో కాస్త పుస్తకాల మాట. రాత్రి డాబా మీద పడుకుని ఎవరూ ‘ఎన్ని ఆస్త్రోలో!’ అనరు. ఖగోళశాస్త్రం, జ్యోతిషం చెప్పేవాళ్లు, పత్రికలవాళ్లు వాడతారు. సూర్యుడికి బిరుదు ‘ఎల్ ఆస్త్రో రేయ్’, గోళాల్లో రాజు అని. క్రీడా పేజీలు తిరగేస్తే మెస్సీని ‘ఎల్ ఆస్త్రో అర్హెంతీనో’ అని రాయడం ఎన్నిసార్లయినా కనపడుతుంది. ఇక్కడ లింగం దగ్గర ఒక తమాషా ఉంది. ఈ మాటల లింగం మనిషిని బట్టి మారదు. మెస్సీ మగవాడైనా ‘ఊనా ఎస్త్రెయా’నే, పాటలు పాడే అమ్మాయైనా ‘ఉన్ ఆస్త్రో’నే. మనవాళ్లు మగ హీరో కదా అని ‘ఉన్ ఎస్త్రెయా’ రాసేస్తుంటారు. అలా రాయకూడదు. హిందీ బాగా వచ్చినవాళ్లకు ఇంకో ఉచ్చు ఉంది: హిందీలో చుక్క అనే అర్థంలో తారా పుంలింగం, ఆ అలవాటు స్పానిష్‌కి పట్టుకురాకండి.

లింగం మాట వచ్చింది కాబట్టి ‘ప్లనేతా’, ‘కొమేతా’ల గురించి చెప్పకపోతే ఈ జవాబు సగమే అవుతుంది. రెండూ ‘ఆ’తో ముగుస్తాయి, చూడటానికి స్త్రీలింగంలా ఉంటాయి, కానీ గ్రీకు నుంచి వచ్చిన ఈ రెండూ పుంలింగాలు: ‘ఎల్ ప్లనేతా’, ‘ఎల్ కొమేతా’. ప్లనేతా విషయంలో పొరపాటున లా పెడితే తప్పు అని సరిపెట్టుకోవచ్చు. కొమేతాకి లా పెడితే అర్థమే మారిపోతుంది. ‘లా కొమేతా’ అంటే గాలిపటం! మా క్లాసులో ఒకమ్మాయి స్కూలు పిల్లలకోసం తోకచుక్కల మీద స్లైడ్లు చేసింది. మొదటి స్లైడ్ మీదే పెద్ద అక్షరాలతో ‘లా కొమేతా హాలే’. హేలీ గాలిపటం అన్నమాట. సంక్రాంతి దగ్గర్లో ఉండటంతో క్లాసంతా ఒకటే నవ్వు. తోకచుక్క అయితే ‘ఎల్ కొమేతా హాలే’ అనాలి. ఇంకో మాట, గాలిపటానికి కొమేతా అన్ని దేశాల్లో చెల్లదు. మెక్సికోలో ‘పపలోతే’, చిలీలో ‘వొలాంతీన్’, అర్జెంటీనాలో ‘బర్రిలేతే’.

పెద్దక్షరాల విషయం క్లుప్తంగా: ఎస్త్రెయా, ఆస్త్రో, ప్లనేతా, కొమేతా ఎప్పుడూ చిన్నక్షరంతోనే. హాలే, మార్తే, వేనుస్ లాంటి అసలు పేర్లకే పెద్దక్షరం. సూర్యుడు, చంద్రుడు, భూమి ఖగోళ వ్యాసంలో పెద్దక్షరంతో రాస్తారు, ఎండగా ఉంది, వెన్నెల కాస్తోంది అనే మామూలు వాక్యాల్లో చిన్నక్షరం. వారాల పేర్లు కూడా చిన్నక్షరమే, ఇంగ్లీషులో లాగా కాదు. వాటిని గుర్తుపెట్టుకోవడానికి మనకు ఇంగ్లీషు అవసరమే లేదు. ‘లూనెస్’ చంద్రుడిది, మనకు సోమవారం. ‘మార్తెస్’ అంగారకుడిది, మంగళవారం. ‘మియేర్కొలెస్’ బుధుడిది, ‘హువేవెస్’ గురుడిది, ‘వియేర్నెస్’ శుక్రుడిది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒక్కటి తప్పకుండా కుదురుతుంది. శని, ఆదివారాల దగ్గర మాత్రం వాళ్లవి మత సంబంధమైన పేర్లు, అక్కడ ఈ చిట్కా పనిచేయదు.

ఏ2 స్థాయి దాటాక మీకు ఎస్త్రెయా ఎక్కువగా ఎదురయ్యేది జాతీయాల్లో. అందులో ఒకటి మనవాళ్లకు భలే నచ్చుతుంది. మోకాలు టేబుల్ కోడుకి కొట్టుకుని ప్రాణం పోయినంత నొప్పి పుడితే స్పానిష్‌లో ‘వి లాస్ ఎస్త్రెయాస్’ అంటారు. చుక్కలు కనపడ్డాయి! మాటకు మాట మనదే. మా స్టూడెంట్ ఒకతను మెక్సికో టీమ్‌తో పనిచేస్తాడు. అవతలి మనిషి పంటి డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చి ఈ మాట అంటే, స్పానిష్ జాతీయం అని తెలియకపోయినా తెలుగు బుర్రతో ఠక్కున పట్టేశాడు. అయితే ‘వాడు నాకు చుక్కలు చూపించాడు’ అని మనం ఏడిపించడం అనే అర్థంలో అన్నట్టు అక్కడ అనకండి. వాళ్ల జాతీయం ఒంటి నొప్పికే, ఆఫీసు టెన్షన్‌కి కాదు.

‘ఎస్త్రెయార్సే’ అనే క్రియ కూడా ఈ కుటుంబానిదే, దాని అర్థం వింటే ఉలిక్కిపడతారు: ఢీకొట్టి ముక్కలవడం. వార్తల్లో విమానం ‘సె ఎస్త్రెయో’ అని వస్తే కూలిపోయిందని. హోటల్లో ‘హువేవోస్ ఎస్త్రెయాదోస్’ అంటే వేయించిన గుడ్లు. ఈ రెండర్థాల మీద ఆడుకునే సామెత ఒకటుంది: ‘ఉనోస్ నాసెన్ కోన్ ఎస్త్రెయా ఇ ఓత్రోస్ ఎస్త్రెయాదోస్’. కొందరు మంచి నక్షత్రంలో పుడతారు, కొందరు పుట్టుకతోనే చితికిపోయి పుడతారు అని. జాతకం చూపించుకునే మనకు మొదటి సగం విడమర్చి చెప్పక్కర్లేదు. తినుబండారాల దగ్గర ఇంకో వాడుక: ఒక హోటల్‌లో అన్నిటికన్నా పేరున్న వంటకం ‘ఎల్ ప్లాతో ఎస్త్రెయా’. హైదరాబాద్ గురించి రాస్తూ బిర్యానీని అలా అనొచ్చు. బహువచనంలో ప్లాతోస్‌కి ఎస్ చేర్చండి, ఎస్త్రెయాని అలాగే ఉంచండి.

చివరగా మీ వ్యాసం. సప్తర్షి మండలాన్ని స్పానిష్‌లో ‘ఓసా మయోర్’ అంటారు, పెద్ద ఆడ ఎలుగు. సప్తర్షులు అందులో భాగం. వశిష్ఠుడు మిసార్, పక్కనే మసకగా ఉండే అరుంధతి ఆల్కోర్. ఈ రెండు పేర్లూ అరబ్బీ నుంచి యూరప్ చేరినవి, స్పానిష్‌వాళ్లూ అవే వాడతారు. మీ స్థాయికి ఈ వాక్యం చాలు: ‘ఎల్ నోవియో లె ఎన్‌సేన్యా ఆ లా నోవియా లా ఎస్త్రెయా ఆల్కోర్’. వరుడు వధువుకు అరుంధతీ నక్షత్రాన్ని చూపిస్తాడు అని. నోవియో అంటే బాయ్‌ఫ్రెండ్ కదా అని సందేహపడకండి, పెళ్లి సందర్భంలో నోవియో పెళ్లికొడుకే, నోవియా పెళ్లికూతురే. తెలుగు పేరు కూడా ఉండాలనుకుంటే మొదటిసారి అరుంధతి అని రాసి, పక్కన కామా పెట్టి ‘ఊనా ఎస్త్రెయా దె లా ఓసా మయోర్’ అని చేర్చండి. కొన్‌స్తెలసియోన్ అనే మాట అక్కడ అవసరం లేదు, ఇరికిస్తే గీత మర్చిపోయే ప్రమాదం ఒకటి. ఇంకొకటి, పగటి ముహూర్తానికి కూడా మనం ఆకాశం వైపు వేలు చూపిస్తాం కదా, ఆ సంగతి రాయకపోతే దిద్దే స్పానిష్ టీచర్‌కి మీ పెళ్లిళ్లన్నీ రాత్రే అనిపిస్తుంది. ‘తంబియేన్ దె దియా’, అంటే పగలు కూడా, అని వాక్యం చివర తగిలించండి.